గీటురాయి మీద పాళీ

మా మేనత్తకు పక్షవాతం వచ్చినప్పుడు మొదట పోయింది మాట. నెల తిరిగేసరికి కుడికాలు ఈడ్చుకుంటూ అయినా లేచి నడిచింది. కుడిచేతికి కాస్త పట్టు వచ్చింది. నాలుక మాత్రం తిరగలేదు. జమ్మలమడుగులో మిషన్ బడి టీచరుగా ముప్పై ఏళ్ళకు పైగా పిల్లల చేత ఎక్కాలు అరిపించిన మనిషి. ఇప్పుడు ఆ గొంతులోంచి వచ్చేది ఒకటే శబ్దం, 'ఆఁ' అని. సంతోషానికీ అదే, కోపానికీ అదే.

చూడ్డానికి వచ్చినవాళ్ళందరికీ జాలి వేసింది. నాకు భయం వేసింది. ఆ భయంలో సగం స్వార్థమే, దాచుకోవడం దేనికి. మా అమ్మ సమాధి ఎక్కడుందో ఈ లోకంలో తెలిసిన మనిషి మా అత్త ఒక్కతే.

నాకు నాలుగేళ్ళప్పుడు మా అమ్మ ఇల్లు వదిలి వెళ్ళిపోయింది. ఆ తర్వాత కొన్నాళ్ళకు ఎక్కడో చనిపోయింది. కబురు అత్తకే వచ్చింది. అత్తే వెళ్ళి మట్టి చేసి వచ్చింది. ఎక్కడికి వెళ్ళిందో మా నాన్నకు కూడా చెప్పలేదు, ఆయన అడగనూ లేదు. ఆయనా పోయాక నన్ను పెంచింది అత్తే. పెళ్ళి చేసుకోలేదు. నేను ఎప్పుడడిగినా ఒకటే జవాబు. "చెప్తాలే అబ్బీ, టైమ్ రానీ." నాకు నలభై ఆరేళ్ళు వచ్చాయి గానీ ఆ టైమ్ రాలేదు.

ప్రొద్దుటూరు ఆస్పత్రిలో డాక్టరు నన్ను పక్కకు పిలిచి, ఆమెను ఆయాస పెట్టొద్దన్నాడు. రెండోసారి గనక వస్తే తాను చేసేది పెద్దగా ఉండదన్నాడు. 'వస్తే' అన్నాడు గానీ ఆయన ముఖంలో ఆ 'తే' నాకు కనిపించలేదు.

నేను పులివెందులలో డ్రిప్పు పైపులు అమ్ముతాను. వారానికి రెండుసార్లు ముద్దనూరు మీదుగా జమ్మలమడుగు బస్సు పట్టుకునేవాణ్ణి. దూరంగా కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు కనిపించగానే నాకు దిగులు మొదలయ్యేది. ఈసారి వెళ్ళేసరికి ఏమై ఉంటుందో అని. వీధి మొదట్లో దిగి, ఇంటి ముందు జనం లేరని చూసుకున్నాకే ఊపిరి పీల్చుకునేవాణ్ణి.

పక్కింటి ఆమె, భర్త కువైట్‌లో ఉంటాడు, అత్తకు వండిపెట్టి కనిపెట్టుకుని ఉండేది. చిన్నప్పుడు అత్త దగ్గరే చదువుకుంది. ఆమె ముందే నేను ఊళ్ళ పేర్లు వరసగా అడిగాను. పెద్దముడియమా అత్తా? వేములా? ముద్దనూరా? అన్నిటికీ 'ఆఁ' అని తల ఊపింది. అవుననాలన్నా కాదనాలన్నా ఆ తల ఒకే తీరుగా ఊగుతోంది. కళ్ళల్లో మాత్రం నా మీద విసుగు. ఊరి పేరు ఒక్కటే కాదు, ఆమె చెప్పాలనుకున్నది ఇంకేదో చాలా ఉందని నాకప్పుడే అర్థమైంది.

రాయించాలని చూశాం. బాల్‌పెన్నును నొక్కేంత బలం చేతికి లేదు. జెల్ పెన్ను సన్నంగా ఉండి వేళ్ళ మధ్య తిరిగిపోయేది. సెల్‌ఫోన్ ఇస్తే వేలు ఒక అక్షరం మీదికని పోయి ఇంకో అక్షరం మీద పడేది. పిల్లల స్కెచ్ పెన్ను ఇస్తే నాలుగు సున్నాలు చుట్టి, తన చేతిరాత ఆ గతిలో ఉండటం చూసి విసిరికొట్టింది. దస్తూరి బాగాలేదని పిల్లల వేలి కణుపుల మీద స్కేలుతో కొట్టిన మనిషి కదా.

అప్పుడే మంచం కింది ట్రంకుపెట్టె వైపు చెయ్యి చూపించింది. అందులో, చీరల అడుగున, కళ్ళజోడు డబ్బాలో ఉంది పెన్ను. వాళ్ళ బడిని చూసుకున్న దొరసాని దేశం వదిలిపోతూ ఆమెకిచ్చి పోయింది. నల్లగా, లావుగా, పక్కన చిన్న మీట. మీట ఎత్తి దింపితే లోపలి రబ్బరు తిత్తి ఇంకు పీల్చుకుంటుంది. ఎన్నో ఏళ్ళు అత్త దాంతోనే రాసింది. తిత్తి ఎండిపోయాక ఆ పెట్టెలో పెట్టేసింది. ఇప్పుడు దాన్ని గుప్పిట్లో పట్టుకుంటే జారలేదు. ఆ లావు ఆమె వేళ్ళకు సరిపోయింది.

"దీన్ని బాగు చేస్తా అత్తా" అన్నాను. ఎకరాలకెకరాల అరటితోటలకు పైపులు పరిచేవాణ్ణి, ఇది ఒక పైపూ ఒక వాల్వూ కాదా అనుకున్నాను. తెలియని పనిలో దిగే మనిషికి ఉండే ధైర్యం ఇంకెవరికీ ఉండదు.

పులివెందులలో అంగడి మూసే ముందు రోజూ గంటసేపు దాని ముందు కూర్చునేవాణ్ణి. పాళీ ఉన్న ముందు భాగం ఊడి రాలేదు. వేడినీళ్ళలో నానబెట్టాను. తీసి చూస్తే నల్లటి పెన్ను గోధుమరంగుకు తిరిగింది. తుడిచిన గుడ్డ నుంచి గంధకం వాసన. మా అంగట్లో రెండు రోజులు ఆ వాసన పోలేదు, బాణసంచా ఏమైనా పెట్టావా అని మా ఆవిడ అడిగింది. నాకు నవ్వు రాలేదు. అత్త చేతికిచ్చే ముందే ఆమె వస్తువును కాల్చినట్టు అనిపించింది.

సిగ్గు విడిచి, పాత పెన్నులవాళ్ళు కూడే ఒక ఫోన్ గ్రూపులో చేరాను. బెంగుళూరులో ఒకాయన, పెన్నులు రిపేరు చేసేవాడు, నా ఫోటో చూసి నన్ను బాగా చీవాట్లు పెట్టాడు. పెన్ను ఒళ్ళే గట్టి రబ్బరట, ఆ రకం రబ్బరుకు నీళ్ళూ వేడీ రెండూ పడవట. తర్వాత జాలిపడి కొత్త తిత్తి పోస్టులో పంపి, ఎలా వెయ్యాలో ఫోన్లో చెప్పాడు. లోపల పెళుసెక్కి ముక్కలైన పాత తిత్తిని గుండుసూదితో గీకి తీశాను. వడ్రంగి దగ్గర కొయ్య పాలిష్‌కు వాడే లక్క అరచెంచా అడిగి తెచ్చి కొత్త తిత్తి అతికించాను. లోపల ఒరుసుకోకుండా దాని మీద ముఖానికి పూసే పౌడరు చల్లాను. ఇంకు సీసాలో ముంచి మీట ఎత్తి దింపితే బుడగలు వచ్చాయి. ఒంటరిగా కూర్చుని చప్పట్లు కొట్టానంటే నమ్మండి.

అయితే రాయబోతే నా చేతిలో అది రాయలేదు. గీకింది, తప్పింది. అత్త చేతిలో పెట్టగానే నూనె పోసినట్టు సాగింది. బెంగుళూరాయన ఆశ్చర్యపోలేదు. పాళీ కొసన చిన్న చుక్క ఉంటుంది, బంగారం కాదు, బాగా గట్టి లోహం. అది అన్ని ఏళ్ళూ ఆమె పట్టుకునే వాలుకే అరిగి ఉంటుంది అన్నాడు. "దాని మీద మాత్రం చెయ్యి వేయొద్దండీ. అది పోతే ఆమె రాత పోయినట్టే" అన్నాడు. ఇంత స్పష్టంగా చెప్పాడు. నేను "సరేనండీ" అన్నాను.

అత్త మొదట రాసింది పక్కింటి ఆమెకు: 'పప్పులో ఉప్పు ఎక్కువ.' వంకరగానే, కానీ అవి మా అత్త అక్షరాలే. పక్కింటి ఆమె నవ్వుతూ ఏడ్చింది. "అయిదు నెల్ల నుంచి మూగగా తింటాంది టీచరమ్మ, ఇప్పుడు జూడు" అంది. రోజుకు నాలుగైదు మాటలు రాసి అలిసిపోయేది. రాసేటప్పుడు కణత మీద నరం ఉబికేది. ఆ నరం ఎన్నిసార్లు కొట్టుకుంటుందో నేను లోపల లెక్కపెట్టుకునేవాణ్ణి, ఎందుకో నాకే తెలీదు.

ఒక బుధవారం నేను అడగకుండానే రాసింది. 'ఆదివారం రా. మీ అమ్మ సంగతి రాస్తా.'

"ఇప్పుడే రాయి అత్తా" అన్నాను. తల అడ్డంగా తిప్పింది. అది 'కాదు' అని ఈసారి నాకు తెలిసింది. 'బల్ల తీసుకున్నాక' అని రాసింది. నెల మొదటి ఆదివారం చర్చి అయ్యగారు మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకు వచ్చి బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం ఇచ్చి పోతారు. చనిపోయిన మనిషి గురించి మనసు కడుక్కోకుండా రాయనంటుంది. మా అత్త నీతి అలాంటిది. నలభై ఏళ్ళు ఆగినవాడికి నాలుగు రోజులు ఎంత?

ఆ నాలుగు రోజుల్లోనే నేను చేయకూడని పని చేశాను.

బెంగుళూరాయన అంతకుముందు మాటల్లో ఒకటి అన్నాడు. పాళీ మీది ముద్ర అరిగిపోయింది, అది బంగారమా, పూతా అనేది తేలితే పెన్ను విలువ చెప్పొచ్చని. అమ్మే ఉద్దేశం నాకు లేదు. కానీ నా చేతులతో బతికించిన వస్తువు ఎంత చేస్తుందో తెలుసుకోవాలన్న దురద పట్టుకుంది. గ్రూపులో నలుగురి ముందూ చెప్పుకోవాలి. 'మొదటి రిపేరేనా!' అనిపించుకోవాలి. మా వైపు పచ్చగా మెరిసే ఏ వస్తువు చేతికొచ్చినా సంచిలో వేసుకుని ప్రొద్దుటూరుకే పోతాం. బంగారం సంగతి ఆ బజారు తేల్చాల్సిందే. నాకు వేరే ఆలోచనే రాలేదు.

శుక్రవారం జమ్మలమడుగు వెళ్ళి, క్యాపు వదులైంది, బిగించి తెస్తానని అత్తకు అబద్ధం చెప్పాను. ఆమె వెంటనే ఇవ్వలేదు. పెన్నునూ నన్నూ మార్చి మార్చి చూసింది. పక్కింటి ఆమె గిన్నె పట్టుకుని వాకిట్లో నిలబడి ఉంది.

"ఇప్పుడేం తొందరన్నా? ఆదివారం కానీ, ఆ మీదట తీసకపో" అంది.

"సాయంత్రానికి తెస్తానమ్మా, దీనికేంది?" అన్నాను కాస్త కసురుతూ. అత్త వేళ్ళు ఒక్కొక్కటే విప్పి పెన్ను తీసుకున్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా చేతుల మీద నాకు అసహ్యం.

ప్రొద్దుటూరు బంగారు బజారులో, ఇద్దరు పక్కపక్కన నడవలేని సందులో, నాణ్యం చూసే పెద్దాయన కూర్చుంటాడు. మిషన్లు వచ్చినా పాతవాళ్ళు ఆయన దగ్గరికే పోతారు. ముందు చిన్న గాజు సీసాల్లో ఆసిడ్లు, గుడ్డ మీద నల్లటి గీటురాయి. సందులో ఎండ పడదు, చల్లగా ఉంది. అయినా నాకు చెమట పట్టింది. లోపల్నుంచి ఏదో 'లేచి పో' అని చెబుతూనే ఉంది.

"ఏందప్పా తెచ్చినావు?"

"పాళీ మామా. బంగారమా కాదా అని."

పెన్నులోంచి పాళీ నేనే లాగి ఆయన చేతిలో పెట్టాను. ఏ నగనైనా ఆయన పట్టుకునే తీరు ఒకటే, అంచు కిందికి పెట్టి రాయి మీద ఒక్క గీత. పాళీకి అంచంటే కొసే. ఆయన గీశాడు. గీత పడలేదు. పడదు, ఆ కొస బంగారం కాదు. ఆ సంగతి ఆ సందులో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. నోరు తెరిచి చెప్పేలోగా ఆయన "ఇదేంది, పలకదే" అని, బొటనవేలు ఆనించి గట్టిగా రుద్దాడు. సన్నగా కిర్రుమంది. మళ్ళీ రుద్దాడు.

"మామా, కొస వద్దు!" అన్నాను. ఆయన అప్పటికే పాళీని తిప్పి భుజం దగ్గర గీశాడు. పచ్చటి గీత పడింది. ఆసిడ్ చుక్క వేసి, వెలుగులోకి వంచి చూసి సంతోషంగా నవ్వాడు.

"బంగారమే అప్పా! పద్నాలుగు క్యారెట్లు. నీ అదృష్టం."

నేను పాళీ అందుకుని చూశాను. కొసన చీలికకు ఒక పక్కనున్న రెక్క పైకి లేచి ఉంది. దాని చివరి చుక్క లేదు. గుడ్డ మీద వెతికాను, రాయి మీద వెతికాను. ఇసుక రేణువంత చుక్క, ఎక్కడ దొరుకుతుంది? ఆయన నా ముఖం చూసి కంగారు పడ్డాడు.

"రాసేదానికి పెట్టుకునేదా ఇది? ముందే చెప్పొద్దా అప్పా? బంగారం సూడమంటివి, సూస్తి."

ఆయన తప్పు ఏమీ లేదు. నేను అడిగిందే ఆయన చేశాడు.

సాయంత్రానికి తెస్తానన్నవాణ్ణి జమ్మలమడుగులో దిగకుండా ఎక్కిన బస్సులోనే పులివెందులకు వచ్చేశాను. శనివారమంతా అంగడి మూసి, రెక్కను గోటితో కిందికి వంచి, సన్నటి ఎమిరీ కాగితం మీద కొసను నున్నగా చేయబోయాను. ఒకవైపు అరగదీస్తే ఇంకోవైపు లేచింది. ఫోటో చూసి బెంగుళూరాయన "అయ్యో, గీకొద్దు. అలాగే పంపండి, కొత్త చుక్క అతికించేవాళ్ళున్నారు, నెలలు పడుతుంది" అన్నాడు. అప్పటికే గీకేశాను. నెలలు అన్న మాట వినగానే డాక్టరు ముఖం గుర్తొచ్చింది.

ఆదివారం అయ్యగారు వచ్చి బల్ల ఇచ్చి, ప్రార్థన చేసి వెళ్ళారు. అత్త ఉతికిన తెల్లచీర కట్టుకుని ఉంది. నోటుబుక్కు ఒళ్ళో పెట్టుకుని చెయ్యి చాచింది. నేను ఏమీ చెప్పకుండా పెన్ను ఇచ్చాను. ఎలాగో రాస్తుందిలే అన్న వెర్రి ఆశ.

'మీ' అని వచ్చింది. తర్వాతి అక్షరానికి కాగితం చిరిగింది. ఇంకు చుక్కలు చీర మీద చిందాయి. ఇంకో పుట తిప్పింది. అదీ చిరిగింది. అప్పుడు పాళీని కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూసింది, చాలాసేపు. ఆ తర్వాత నన్ను చూసింది. బడిలో తప్పు చేసిన పిల్లాణ్ణి చూసినట్టు చూసినా బాగుండేది. భయంగా చూసింది.

జేబులో తెచ్చిన కొత్త ఇంకుపెన్ను ఇచ్చాను. సన్నంగా ఉండి వేళ్ళల్లో నిలవలేదు. రెండుసార్లు కింద పడింది. మూడోసారి నేను తీసివ్వబోతే, నా చెయ్యి పట్టుకుని లాగి, అరచెయ్యి విప్పి, దాని మీద చూపుడువేలితో రాయడం మొదలుపెట్టింది.

గోరు చల్లగా తగులుతోంది. 'మీ అమ్మ' అని తెలిసింది. తర్వాత అక్షరం మీద అక్షరం పడింది. 'క' లాగా ఒకటి, కాదేమో, 'త' ఏమో. గుణింతాలు తెలియలేదు. ఆగమంటే ఆగలేదు. ఎక్కడెక్కడో వాక్యాలు ముగించి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ రాసింది. నలభై ఏళ్ళు మోసిందంతా నా చేతిలో పోస్తోంది, నాకేమో ఒక్క ముక్క అందడం లేదు.

"అర్థమైతాందా అన్నా?" పక్కింటి ఆమె గుసగుసగా అడిగింది.

అత్త ముఖం కందిపోయింది. కణత మీద నరం తాడులా లేచింది. ఊపిరి ఈలలా వస్తోంది. రాయడం ఆపి, నా కళ్ళల్లోకి చూసి "ఆఁ?" అంది.

"అర్థమైంది అత్తా. అంతా అర్థమైంది" అన్నాను. "పోయి చూసొస్తా."

ఆమె నా వేళ్ళు ఒక్కొక్కటే మడిచి గుప్పిట మూసింది. గుండెల మీది బరువు దిగినట్టు వెనక్కి వాలి నిద్రపోయింది. అలా నిద్రపోవడం జబ్బు చేశాక నేను చూడలేదు.

పది రోజులకు బెంగుళూరాయన తన దగ్గరున్న పాత లావు పెన్నొకటి పంపాడు, పాళీని ఆమె వాలుకు దగ్గరగా నున్నచేసి. ఆమె చేతిలో అది బాగానే రాసింది. 'పాలు పొంగుతాయి చూడు' అని రాసింది, 'కిటికీ వెయ్యి' అని రాసింది. మా అమ్మ గురించి ఒక్క మాట రాయలేదు. ఎందుకు రాస్తుంది, చెప్పేసింది కదా. నేను ఎదురుగా కూర్చుని ఆ చెయ్యి కదిలినప్పుడల్లా వంగి చూసేవాణ్ణి. 'ఆరోజు నాకు అర్థం కాలేదత్తా' అన్న మాట గొంతు దాకా వచ్చేది. ఆమె ముఖంలోని నెమ్మది చూసి మింగేసేవాణ్ణి. ఇంకొంచెం కోలుకోనీ, వచ్చే వారం చెబుదాం అనుకునేవాణ్ణి. పిరికితనానికి నేను పెట్టుకున్న ముద్దుపేరు అది.

నవంబరు మొదట్లో సమాధుల పండుగ వచ్చింది. మా వాళ్ళందరూ సమాధులకు సున్నం కొట్టి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించే రోజు. ఆ మరునాడు నేను వెళ్ళేసరికి అత్త పెన్ను పట్టుకుని సిద్ధంగా ఉంది.

'పోయొచ్చినావా?' అని రాసింది.

"పోయొచ్చినా" అన్నాను.

'సున్నం కొట్టినావా?'

"కొట్టినా అత్తా. పూలు గూడా పెట్టినా."

పుట తిప్పి, నెమ్మదిగా, ఒక్క అక్షరం కూడా వంకర పోకుండా రాసింది. 'ఇంక నాకు దిగుల్లేదు.'

నాలుగు రోజుల తర్వాత పక్కింటి ఆమె ఫోన్ చేసింది. ఈసారి చెయ్యి కూడా పడిపోయింది. ఇంకో రెండు రోజులకు అత్త పోయింది.

ఆ నాలుగు రోజులూ అత్తకు తెలివి ఉంది, చేతిలో రాసే పెన్ను ఉంది. అబద్ధం చెప్పానని ఒక్క మాట అంటే మళ్ళీ మొదటి నుంచి రాసి ఇచ్చేది. నేను అనలేదు.